ఫీడ్ కంపెనీలో టెక్నీషియన్‌గా చేస్తున్నా, ఇక్కడే ఉండాలా హైదరాబాద్ వెళ్లాలా? దయచేసి సలహా ఇవ్వండి

ఆకివీడు కుర్రాడు:

అందరికీ నమస్కారమండి. నాకు 24 ఏళ్లు. బీఎస్సీలో ఆక్వాకల్చర్ చదివి భీమవరం పక్కన ఒక ఫీడ్ కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేరాను, రెండేళ్లు కావస్తోంది. జీతం 22 వేలు, పెట్రోలు డబ్బులు విడిగా ఇస్తారు. చేరినప్పుడు నీళ్ల టెస్టులు చెయ్యడం, వలేసి రొయ్య చూడడం, రైతుకి సలహా చెప్పడం ఇదే నా పని అనుకున్నాను, మొదట్లో అలాగే ఉండేది కూడా. ఇప్పుడు నెల మొదలైతే చాలు, ఎన్ని టన్నులు వేయించావు, ఫలానా రైతు బాకీ ఇంకా ఎందుకు రాలేదు, ఇవే ఫోన్లు. నేను చెక్ ట్రే (రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్లెం) చూద్దామని వెళ్తే, మేత డబ్బులకి వచ్చాడనుకుని రైతు మొహం తిప్పేసుకుంటున్నాడు.

ఇంకో బాధ ఉంది. ఈహెచ్‌పీ (రొయ్యని ఎదగనివ్వని జబ్బు) వచ్చి పెరుగుదల ఆగిపోయిన చెరువులకి కూడా మన లిక్విడ్ రాసివ్వు, మన పౌడర్ రాసివ్వు అని పైనుంచి చెప్తున్నారు. అది పని చెయ్యదని నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పాల్సి రావడం వల్ల నిద్ర పట్టట్లేదండి.

మా ఫ్రెండ్స్ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నారు, నన్నూ వచ్చెయ్యమంటున్నారు. కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు తీసుకుని రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ కూడా పెట్టిస్తారట. చెరువు గట్ల మీద తిరిగేవాడికి పిల్లనెవరిస్తారు అని అమ్మ టెన్షన్ పడుతోంది. నాన్న ఏమీ అనరు. నాకు మాత్రం రొయ్య పనంటే ఇష్టం, పొద్దున్నే నీళ్ల రంగు చూసి ఈ చెరువులో ఏదో తేడాగా ఉందని పట్టుకోగలుగుతున్నాను. ఇష్టమైన పనిలోనే ఎదిగే దారి ఉందా, లేక ఇష్టం పక్కన పెట్టి డబ్బు దారి చూసుకోవాలా?

ఉప్పుటేరు:

తమ్ముడూ, నేను ఫీడ్‌లో మొదలుపెట్టి, ల్యాబ్‌లో చేసి, ఇప్పుడు ఆకివీడు, ఉండి, కాళ్ల మండలాల రైతులకి సొంతంగా కన్సల్టెంట్‌గా చేస్తున్నాను. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీకు విసుగొచ్చింది అమ్మకాల మీద, వసూళ్ల మీద. రొయ్య మీద నీకు ఇంకా ప్రేమే ఉంది. ఈ రెండింటినీ కలిపేసి మొత్తం రంగమే వద్దనుకోకు.

అసలు ఇది ఎందుకిలా ఉంటుందో ముందు అర్థం చేసుకో. రొయ్య సాగు ఖర్చులో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, మేతకే పోతుంది. చిన్న రైతు అంత డబ్బు ముందే పెట్టలేడు కాబట్టి డీలర్ అప్పు మీద మేత దింపుతాడు, పట్టుబడి అయ్యాక తీసుకుంటాడు. చెరువు పోతే బాకీ నిలిచిపోతుంది. రోజూ చెరువు మీదికి వెళ్లేది టెక్నీషియన్ ఒక్కడే కనుక ఆ బాకీ అడగాల్సింది కూడా అతనే అవుతాడు. ఈ కంపెనీ మానేసి ఇంకో ఫీడ్ కంపెనీలో చేరినా పెద్దగా మారదు, జీతం కాస్త పెరుగుతుంది, ఫోన్లు అవే.

ఇక ఈహెచ్‌పీ సంగతి, నా దృష్టిలో నీ ప్రశ్నలో అసలు విషయం ఇదే. దానికి ఇంతవరకు నమ్మకమైన మందు లేదు. మంచి సీడ్ (రొయ్య పిల్లలు) తెచ్చుకోవడం, వెయ్యడానికి ముందు పీసీఆర్ (జబ్బు క్రిమి ఉందో లేదో చూసే ల్యాబ్ టెస్టు) చేయించడం, పంటకీ పంటకీ మధ్య చెరువు బాగా ఎండబెట్టి సున్నం వెయ్యడం, ఇవే దారులు. అది వచ్చిన చెరువులో రైతు రోజూ మేత వేస్తూ పోతే అప్పు పెరుగుతుంది తప్ప కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) మారదు. అప్పుడు రైతుతో "ఇక మందుల మీద ఖర్చు పెట్టకండి, ఉన్న సైజుకి పట్టేసుకుంటే ఎంత మిగులుతుందో లెక్కేద్దాం" అని చెప్పగలిగిన కుర్రాడి మాట మన డెల్టాలో చాలా దూరం వెళ్తుంది. ఉండిలో చెప్పింది సాయంత్రానికి గణపవరంలో తెలిసిపోతుంది. నేను సొంతంగా మొదలుపెట్టినప్పుడు నన్ను ముందు పిలిచింది అలా నష్టం తగ్గించుకున్న రైతులే, లాభాలు చూసినవాళ్లు ఆ తర్వాత వచ్చారు. ఈ ఒక్క విషయంలో మీ మేనేజర్ మాట వినకు. ఉద్యోగం ఇంకోటి వస్తుంది, రైతు దగ్గర పోయిన మాట మళ్లీ రాదు.

మరి ఎక్కడికి వెళ్లాలి అంటే, ల్యాబ్‌లున్నాయి, హేచరీలున్నాయి, ప్రాసెసింగ్ ప్లాంట్లలో క్వాలిటీ విభాగం ఉంది. చాలామంది మన కుర్రాళ్లు ప్లాంటు అనగానే చల్లగదిలో నిలబడి రొయ్య తలలు తీయించడమే అనుకుంటారు. క్వాలిటీలో పని వేరు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్‌ల అవశేషాలు ఉంటే యూరప్, అమెరికా వాళ్లు కంటైనర్ వెనక్కి పంపేస్తారు, ఆ అవశేషాలు అసలు లేకుండా చూడాలంటే చెరువు దగ్గర్నుంచి ప్యాకింగ్ దాకా తెలిసినవాడు కావాలి. చెరువు తెలిసి హాసప్ (ఆహార భద్రత పద్ధతుల) శిక్షణ కూడా ఉన్నవాళ్లు తక్కువ. నీకు మొదటిది ఇప్పటికే ఉంది.

ఈలోగా ఒక పని చెయ్యి. నువ్వు చూసే ప్రతి చెరువుకి ఒక పేజీ పెట్టు. సీడ్ ఎక్కడిది, ఎకరానికి ఎంత వేశారు, ఎన్ని రోజులకి ఎంత బరువు, పొద్దున సాయంత్రం పీహెచ్ ఎంత, తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంతకి పడింది, ఏం చేశారు, ఏమైంది. చివర్లో ఎఫ్‌సీఆర్ నువ్వే లెక్కెయ్యి, టన్ను రొయ్యకి టన్నున్నర మేత పడితే 1.5. పక్కపక్క చెరువుల్లో ఒకదానికి 1.3, ఇంకోదానికి 1.8 ఎందుకొచ్చిందో ఆ పేజీలు చూసి చెప్పగలిగావనుకో, ఏ ఇంటర్వ్యూలోనైనా సర్టిఫికెట్ కన్నా ముందు అవే చూస్తారు.

డెల్టావాసి:

ఉప్పుటేరు అన్నా, కుర్రాడికి ఆశ పెడుతున్నారు గానీ 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచాక ఇక్కడ రేట్లు ఏమయ్యాయో చూశాం కదా. మా ఊళ్లో సీడ్ వెయ్యకుండా చెరువులు ఖాళీగా పెట్టినవాళ్లు ఉన్నారు. ఒక దేశం మీద ఇంతగా ఆధారపడ్డ రంగంలో 24 ఏళ్ల కుర్రాడు జీవితం పెట్టడం సరైనదేనా?

రాజోలు అమ్మాయి:

నేను హైదరాబాద్‌లో టెస్టింగ్‌లోనే చేస్తున్నాను, అందుకే రాస్తున్నా. తమ్ముడూ, ఆ ఎక్స్‌పీరియన్స్ పెట్టించే మాట ఎవరన్నా ఎత్తితే అక్కడితో ఆపెయ్. పెద్ద కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో నీ యూఏఎన్ (పీఎఫ్ నంబరు) తీసి పీఎఫ్ ఎక్కడ కట్టారో చూస్తాయి. అందులో నీ ఫీడ్ కంపెనీ కనిపిస్తుంది, రెజ్యూమేలో ఇంకేదో ఉంటుంది. చేరిన తర్వాత కూడా తీసేస్తారు, ఆ మచ్చతో మళ్లీ మొదలుపెట్టడం చాలా కష్టం. మా టీమ్‌లోనే ఒకబ్బాయి అలా వెళ్లిపోయాడు, ఇంటికి ఏం చెప్పాలో తెలియక వాడు పడిన బాధ నేను చూశాను.

టెస్టింగ్ చెడ్డ పనేం కాదు, నాకు చాలా ఇష్టం. వాడేవాళ్ల దాకా వెళ్లకముందే తప్పు పట్టుకున్న రోజు నాకు పండగే. కానీ కొత్తవాళ్లకి ఒట్టి మాన్యువల్ టెస్టింగ్‌తో అవకాశాలు బాగా తగ్గాయి, ఆటోమేషన్, కాస్త కోడింగ్, ఎస్‌క్యూఎల్ అడుగుతున్నారు. నాలుగు నెలల కోర్సుతో అది రాదు. హాస్టల్, తిండి, ఫీజు పెట్టుకుని ఏడాది పాటు జీతం లేకుండా ఉండగలవా? ఇంట్లో ఆ స్థోమత ఉండి, నీకు నిజంగా కంప్యూటర్ పని మీద మనసుంటే రా, నేను సాయం చేస్తాను. మేనేజర్ మీద కోపంతో మాత్రం రావద్దు, మేనేజర్లు ఇక్కడా ఉంటారు.

ఉప్పుటేరు అన్న చెప్పిన పేజీలన్నీ ఎక్సెల్‌లో పెట్టు, చాలు. ఈ రంగంలో డేటా చదవడం తెలిసినవాళ్లకి పని పెరుగుతుందనే నా నమ్మకం. ఇక పెళ్లి గురించి, మీ అమ్మగారి టెన్షన్ నాకు అర్థమవుతుంది, మా ఇంట్లోనూ ఇదే. కానీ నువ్వు చేసే పనేంటో ఆవిడకి ఎప్పుడైనా కూర్చోబెట్టి చెప్పావా? ఒకసారి ల్యాబ్‌కో చెరువుకో తీసుకెళ్లి చూపించు.

ఉప్పుటేరు:

డెల్టావాసి గారూ, మీ భయం నిజమే, ఆ నెలల్లో నా రైతులూ దెబ్బతిన్నారు. కానీ ఈ రంగం పడడం ఇదే మొదలు కాదండి. 90ల మొదట్లో టైగర్ రొయ్యతో ఇక్కడ మేడలు లేచాయి, 1994 తర్వాత తెల్లమచ్చ జబ్బు వచ్చి చెరువులకి చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. చాలామంది చేపలకి మారారు. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక మళ్లీ లేచింది. ఆ మధ్య కాలంలో నిలబడినవాళ్లు ఎవరని చూస్తే, నీటి గురించి, జబ్బుల గురించి తెలిసినవాళ్లే. రొయ్య పోతే చేప, చేప కాకపోతే పీత, వాళ్లకి పని దొరికింది. అందుకే తమ్ముడికి ఒక కంపెనీ సరుకు గురించి కాకుండా నీళ్ల గురించి నేర్చుకోమంటున్నా.

తణుకు పెద్దాయన:

బాబూ, నేను వ్యవసాయ శాఖలో చేసి రిటైరైనవాణ్ని. పెనుగొండ పక్కన మార్టేరు వరి పరిశోధన స్థానం చూశావా? అక్కడి నుంచి 1982లో వచ్చిన స్వర్ణ వరి, అదే 7029, మన డెల్టా దాటి ఒడిశా, బెంగాల్ దాకా లక్షల ఎకరాల్లో పండింది. దాని వెనక పనిచేసినవాళ్లు ఒక పల్లెటూళ్లో కూర్చునే అంత చేశారు. ఊళ్లో ఉంటే ఎదగలేం అని ఎవరన్నా అంటే నమ్మకు.

కాగితాల సంగతి కూడా చూసుకో. మీ కంపెనీ ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుందా? పెట్టుకుంటే మానేసే మాట ఎత్తకముందే ఏదో పని చెప్పి వెనక్కి తెచ్చుకో. మానేటప్పుడు నోటీసు పీరియడ్ పూర్తిచేసి రిలీవింగ్ లెటర్ తీసుకో, నీ పేరు మీద వసూలు కావాల్సిన బాకీలు ఎంతున్నాయో రాతపూర్వకంగా అప్పజెప్పు, లేకపోతే తర్వాత నీ మీదికి తోస్తారు. పీఎఫ్ డబ్బు తీసేసుకోకు, కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకో, అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి. రాత్రిళ్లు కాలవగట్ల మీద బండి నడిపే పని కనుక సొంతంగా ఒక ప్రమాద బీమా, ఆరోగ్య బీమా తీసుకో. జీతం 21 వేలు దాటితే ఈఎస్ఐ ఉండదు.

ఆకివీడు కుర్రాడు:

అందరికీ చాలా చాలా థ్యాంక్సండి. ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. అక్కా, ఆ కన్సల్టెన్సీ మాట ఇక ఎత్తను, ఫ్రెండ్స్‌కి కూడా మీరు రాసింది పంపించాను. మాష్టారూ, నా డిగ్రీ ఒరిజినల్ వాళ్ల దగ్గరే ఉందండి, రేపే అడుగుతాను. ఉప్పుటేరు అన్నా, భీమవరంలో ఒక ల్యాబ్‌లో ఖాళీ ఉందని తెలిసింది, కానీ 18 వేలే అంటున్నారు, పెట్రోలు ఖర్చు కూడా నాదే. నాలుగు వేలు తగ్గించుకుని వెళ్లడం ఇంట్లో ఎలా చెప్పాలో తెలియట్లేదు. వెళ్లొచ్చంటారా?

ఉప్పుటేరు:

ల్యాబ్‌ని బట్టి ఉంటుంది తమ్ముడూ. ఒప్పుకునే ముందు వెళ్లి మూడు విషయాలు అడుగు. పీసీఆర్ నీ చేత చేయిస్తారా, లేక శాంపిల్స్ తెచ్చే పనేనా? రిపోర్టు పాజిటివ్ వస్తే రైతుకి ఉన్నదున్నట్టు ఇస్తారా? ల్యాబ్ పక్కనే మందుల షాపు వాళ్లదేనా? మూడోదానికి అవునంటే మళ్లీ నీకు ఇదే గొడవ, వెళ్లకు. మొదటి రెండూ బాగుంటే ఏడాది తర్వాత జీతం ఎంత చేస్తారో ఆఫర్ లెటర్‌లో రాయించుకుని చేరు. ఇంట్లో నాన్నగారితో ముందు మాట్లాడు. ఎల్లుండి నేను భీమవరంలోనే ఉంటాను, ఆ ల్యాబ్ పేరు నాకు మెసేజ్ చెయ్యి, అక్కడ టెస్టులు చేయించుకునే రైతుల్ని కనుక్కుని చెప్తాను.