సిమ్యులేటర్‌లో పైలట్ వర్క్‌లోడ్: వాచీ చెప్పే హార్ట్ రేట్ నమ్మొచ్చా?

ఎంటెక్_రెండో_ఏడాది: ప్రాజెక్టు కోసం ఎక్స్-ప్లేన్ అనే ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం నడిపించి మెంటల్ వర్క్‌లోడ్, అంటే బుర్ర మీద పడే భారం, కొలుస్తున్నా. ముందు మామూలు క్రూజ్ (ఒకే ఎత్తులో నిలకడగా ఎగరడం), తర్వాత మబ్బుల్లో ఐఎల్ఎస్ అప్రోచ్ (రేడియో సిగ్నల్ చూపే దారిలో రన్‌వే వైపు దిగడం). అయ్యాక నాసా టీఎల్‌ఎక్స్ ఫారం (పని ఎంత కష్టమనిపించిందో వాళ్లే మార్కులు వేసేది) ఇస్తే అప్రోచే కష్టమని అందరూ రాస్తున్నారు, కానీ వాచీలో హార్ట్ రేట్ కొందరికి పెరుగుతోంది, కొందరికి అసలు కదలట్లేదు. పైగా బుర్రకి పని పెరిగితే కంటిపాప పెద్దదవ్వాల్సింది పోయి ఐ ట్రాకర్‌లో (కంటిని కొలిచే కెమెరా) చిన్నదవుతోంది! దేన్ని నమ్మాలి?

సిగ్నల్_సుబ్బు: కంటిపాపది తేలిక. మబ్బులోకి దూరగానే మీ స్క్రీన్ అంతా తెల్లబడుతుంది కదా, ఆ వెలుతురుకి ముడుచుకుంటోంది. ఆలోచన భారానికి వచ్చే మార్పు సాధారణంగా అర మిల్లీమీటర్ దాటదు, వెలుతురుకి వచ్చేది మిల్లీమీటర్లలో ఉంటుంది. రెండు సీన్లకీ బ్రైట్‌నెస్ ఒకేలా పెట్టలేకపోతే ఆ డేటా పక్కన పెట్టేయండి. ఇక వాచీ... యోక్ (విమానం స్టీరింగ్) తిప్పే చేతికే కట్టారా? వాచీ వెనక ఆకుపచ్చ లైటుతోనే గుండె వేగం కొలుస్తుంది, మణికట్టు కదిలితే ఆ రీడింగ్ చెడిపోవచ్చు. ఛాతీ బెల్టు తీసుకుని ప్రతి బీట్‌కీ మధ్య వ్యవధి రికార్డు చేయండి, సగటు హార్ట్ రేట్ కన్నా ఆ వ్యవధిలోని హెచ్చుతగ్గులే పనికొస్తాయి. బుర్రకి పని ఎక్కువైతే అవి తగ్గుతాయి.

కుడి_సీటు: ఒకటి కలుపుతా. అసలు విమానంలో ల్యాండింగప్పుడు కంట్రోల్స్ పట్టుకున్న పైలట్‌కి పక్కవాడికన్నా గుండె వేగంగా కొట్టుకుంటుందని ఎప్పుడో కొలిచి చూపించారు. అందులో బాధ్యత, టెన్షన్ కూడా ఉంటాయి, ఒక్క ఆలోచనే కాదు. మీ సిమ్‌లో కూలినా రీసెట్ బటనే కాబట్టి కొందరిలో కదలకపోవడం వింతేం కాదు. ఏటీసీకి (విమానాలకి దారి చెప్పే కంట్రోల్ టవర్) రీడ్‌బ్యాక్, అంటే వాళ్ల ఆదేశం రేడియోలో తిరిగి చదవడం, చెప్పిస్తున్నారా? మాట్లాడితే ఊపిరి మారుతుంది, దాంతో గుండె లయా మారుతుంది. మాట్లాడిన ఆ ముక్కలకి డేటాలో వేరుగా గుర్తు పెట్టండి.

ఎంటెక్_రెండో_ఏడాది: రీడ్‌బ్యాక్ అప్రోచ్‌లోనే ఉందండీ, క్రూజ్‌లో లేదు 😬 బీట్ల వ్యవధిలోని హెచ్చుతగ్గులు లెక్కేయడానికి 30 సెకన్ల విండో (ఒక్కో డేటా ముక్క) సరిపోతుందా?

సిగ్నల్_సుబ్బు: చాలదు. వర్క్‌లోడ్‌కి ఎక్కువగా చూసేది ఆ హెచ్చుతగ్గుల్లో 0.1 హెర్ట్జ్ దగ్గర వచ్చే అలని, అంటే ఒక్కో అలకి 10 సెకన్లు. 30 సెకన్లలో మూడు అలలొస్తే ఏం తేలుతుంది? కనీసం 2 నిమిషాలు, వీలైతే 5. క్రూజ్‌లో కూడా అంతే రేడియో పెట్టండి, ఎగరకముందు ఊరికే కూర్చోబెట్టి ఒక బేస్‌లైన్ తీయండి, మనిషిని మనిషితో కాకుండా ఎవరి బేస్‌లైన్‌తో వాళ్లని పోల్చండి. టీఎల్‌ఎక్స్ తీసేయకండి, సెన్సర్ ఎందుకు కదిలిందో మనిషినే అడగడానికి అదొక దారి.