సమస్య: «ఉప్పు కరిగి నీట నిప్పు పుట్టె»

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరం) లేదని కంగారు పడకండి, ఉప్పు–నిప్పు ప్రాసయతి, అంటే బదులుగా రెండో అక్షరాలు కలిశాయి. పురాణాల జోలికి పోకుండా రసాయన బంధాలతో పూరించండి. పదో తరగతిలో చదివింది చాలు.

తార్నాక నుంచి:

పొడిగ నున్న వేళ పోదు విద్యుత్తందు
ధనము నప్పు విడిగ దారి పట్టె
తీగ కలిపినంత దీపమ్ము వెలిగెను
ఉప్పు కరిగి నీట నిప్పు పుట్టె

నిర్వాహకుడు: రెండో పాదం చదివి చాలాసేపు ఆగిపోయానండీ. ధనావేశం, ఋణావేశం అనే మాటల్ని ధనము, అప్పు అని తెలుగు చేశారు. సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేసింది, క్లోరిన్ పుచ్చుకుంది, కాబట్టి లెక్క కూడా కుదిరింది. పొడి ఉప్పులో ఆవేశమున్న ఈ కణాలు, అంటే అయాన్లు, ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు. ఆ పట్టు ఎంత గట్టిదంటే, ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. అదే పట్టును నీళ్ళు గది వేడిమిలోనే విడదీస్తాయి. ఇలాంటి ద్రావణాల్లో కరెంటు ఎలా పోతుందో 1884లో థీసిస్ రాసిన స్వీడన్ శాస్త్రవేత్త ఆరీనియస్‌కు చాలా తక్కువ గ్రేడ్ ఇచ్చారు. ఆ దారిలో చేసిన పనికే 1903లో నోబెల్ వచ్చింది. ఒక్క మాట: ఎల్‌ఈడీ దీపమైతే దాన్ని ‘నిప్పు’ అనలేం. తీగ ఎర్రగా కాలే పాత బల్బు అనుకుని చదువుకున్నాను.

సీతాఫల్‌మండి నుంచి: మరి పంచదార నీళ్ళతో దీపం వెలగదేమండీ?

నిర్వాహకుడు: పంచదారలో పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి. కరిగినా అణువు అణువుగానే ఉంటుంది, అయాన్లు రావు. ఇక కరెంటును మోసేదెవరు?

మలక్‌పేట నుంచి:

సోడియమ్ము నీట చూడ మండును గాదె
అదియె కలదు దీన నణగి మణగి
విడిన వెంట నెగసె వేడి మంటల తోడ
ఉప్పు కరిగి నీట నిప్పు పుట్టె

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది, సో–చూ యతి కూడా సరైనదే. కానీ ఈ పూరణను ఒప్పుకోలేను. నీళ్ళలో మండేది సోడియం లోహం. కత్తితో కోయగలిగేంత మెత్తన, కిరోసిన్‌లో దాస్తారు. ఉప్పులో ఉన్నది అప్పటికే ఎలక్ట్రాన్ వదిలేసిన అయాను, దానికి మండే గుణం పోయింది. లేకపోతే మన పప్పుచారు గిన్నె రోజూ పేలాలి. ఆ లోహాన్ని రాబట్టడానికి 1807లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త డేవీ కరిగించిన కాస్టిక్ సోడాలోకి కరెంటు పంపాల్సి వచ్చింది. మూడో పాదంలో ఉప్పును నీటితో కాక వేడితో కరిగించి ఆ కరెంటును తెస్తే పద్యం నిలబడుతుంది, మళ్ళీ ప్రయత్నించండి.

వనస్థలిపురం నుంచి, సైన్సు టీచరు:

కడ్డి రెండు ముంచి కలుపగ బుగ్గలై
వచ్చె నుదజని పయి వైపు కెగసి
అగ్గిపుల్ల చూప నందుండి టప్పని
ఉప్పు కరిగి నీట నిప్పు పుట్టె

తార్నాక నుంచి: మేడమ్, నిప్పు అగ్గిపుల్లదే కదా, నీటిలో పుట్టిందని ఎలా అంటాం?

వనస్థలిపురం నుంచి: అగ్గిపుల్ల అంటించింది అంతే నాన్నా. మండింది నీటిలోంచి వచ్చిన ఉదజని, అంటే హైడ్రోజన్. మా పిల్లలు ఆ ‘టప్’ విని ఎగిరి గంతేస్తారు. కడ్డీలు పెన్సిల్ గ్రాఫైటువి. కార్బన్ బయటి కక్ష్యలో ఉన్న 4 ఎలక్ట్రాన్లలో 3 బంధాలకు పోగా మిగిలినది తిరుగుతూ ఉంటుంది, అందుకే అందులో కరెంటు పోతుంది. 9 వోల్టుల బ్యాటరీ చాలు, ఇంటి ప్లగ్గు జోలికి ఎవరూ వెళ్ళొద్దు. రెండో కడ్డీ దగ్గర క్లోరిన్ వస్తుంది, కిటికీలు తెరిచి పెట్టుకోండి.

నిర్వాహకుడు: ‘టప్పని’ తర్వాత యడాగమం (రెండు అచ్చుల మధ్య ‘య’ చేరడం) వచ్చి ‘యుప్పు’ కావాలి మేడమ్. ప్రాసయతికి ఇబ్బంది లేదు. అయినా ఈ వారం నాకు నచ్చిన పూరణ ఇదే. ఉప్పు, నీరు, నిప్పు మూడింటికీ పద్యంలో పని దొరికింది.

మీ గ్రాఫైటు మాటతోనే వచ్చే వారం సమస్య దొరికింది:

«బొగ్గు వజ్ర మొకటె పోల్చి చూడ»

గోల్కొండను తెచ్చేవాళ్ళు గుర్తుంచుకోండి, అది వజ్రాల బజారు. కొల్లూరు గని కృష్ణ ఒడ్డున ఉండేది.