కాన్‌స్టేబుల్ ‘ఎండుగడ్డి బండి’ని లండన్ గదిలో గీశాడట, దానిని ప్రకృతిని చూసి గీసిన చిత్రం అనవచ్చునా?

ప్రశ్న: కాలువగట్టు

నాలుగేళ్లుగా కోనసీమ కాలువల దృశ్యాలను నీటిరంగులలో గీస్తున్నాను. గట్టు మీద కూర్చుని, కంటికి కనిపించినదానిని అక్కడే పూర్తిచేయాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఇంటికి వచ్చాక కుంచె ముట్టను. ఎవరైనా ఇది చాదస్తమంటే ఆంగ్ల చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ (1776–1837) పేరు చెప్పి నోరు మూయించేవాడిని. తన ఊరి ఏటినీ, పిండిమరనూ, చెట్లనూ తప్ప మరొకటి కోరని మనిషి, ఒక్కసారి కూడా విదేశానికి వెళ్లని మనిషి నాకు సాక్షిగా సరిపోయాడు. అయితే, ఆయన అన్ని చిత్రాలలోకీ పేరుపడ్డ ‘ఎండుగడ్డి బండి’ (1821) మొత్తం లండన్‌లో, అదీ చలికాలంలో తయారైందని ఈమధ్య చదివాను. అందులో ఉన్నది మండువేసవి మధ్యాహ్నం కదా! ఇలాగైతే ఆయనను ప్రకృతిని నేరుగా చూసి గీసినవాడని ఎలా అంటాము? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: తైలవర్ణం

మీరు చదివినది నిజమేనండి. గదిలో కూర్చున్న కాన్‌స్టేబుల్‌కు బండి ఆకారం సరిగా గుర్తురాక ఊరికి కబురు పెడితే, చిన్న డన్‌థోర్న్ అనే కుర్రవాడు ఆ చలిలో నిలబడి కోతబండి రేఖలు గీసి ఇచ్చాడు. అతనికి అది చాలా చలిపని అయిందని కాన్‌స్టేబుల్ తమ్ముడు ఏబ్రమ్ ఉత్తరంలో రాశాడు. వేసవి ఎండలో, ఏటి నీళ్ల మధ్య మనకు కనిపించే ఆ బండి వెనుక ఉన్న కథ ఇది.

కానీ ఆ చిత్రం 1821లో మొదలుకాలేదన్నది గమనించాలి. తండ్రి గోల్డింగ్ కాన్‌స్టేబుల్ ధాన్యం వ్యాపారి. స్టూర్ నది మీద ఫ్లాట్‌ఫర్డ్, డెడమ్ మరలు ఆయన చేతిలో ఉండేవి, పిండి ఆయన పడవలలోనే దిగువకు వెళ్లేది. లాకులు, తూములు, గట్టు వెంట పడవను లాగే గుర్రాలు (మన గోదావరి కాలువలలో ఆ పని మనుషులు చేసేవారు) ఆ పిల్లవాడికి ఇంటి సామాను వంటివి. పెద్దయ్యాక కూడా ఏటా వేసవికి ఊరు చేరి, రంగులపెట్టె మూతకు కాగితం గుచ్చి, దానిని ఒళ్లో పెట్టుకుని, తైలవర్ణాలతోనే చిన్న చిన్న చిత్రాలు గబగబా గీసేవాడు. 1816లో మరియా బిక్నెల్‌ను పెళ్లాడి లండన్‌లో స్థిరపడ్డాక ఊరి ప్రయాణాలు తగ్గాయి. అప్పటినుంచి ఆ చిన్న కాగితాలే ఆయన పొలమూ, ఏరూ అయ్యాయి.

లండన్‌లోని చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ ప్రదర్శనలో గోడల నిండా చట్రానికి చట్రం ఆనించి తగిలించేవారు; చిన్న చిత్రం పెడితే ఎవరి కంటా పడదు. అందుకే 1819 నుంచి ఆరడుగుల కాన్వాసులు పట్టాడు. ఇక్కడే ఆయన చేసిన వింత పని ఒకటి ఉంది: అసలు చిత్రానికి ముందు అదే కొలతలో ఒక చిత్తుచిత్రాన్ని తైలవర్ణాలతో పూర్తిగా గీసేవాడు. అంత శ్రమ, అంత రంగు ఖర్చు అమ్మకానికి పెట్టని కాన్వాసు మీద! ‘ఎండుగడ్డి బండి’ చిత్తు విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అందులో ఒడ్డున కుక్క పక్కన గుర్రం మీద ఒక మనిషి కనిపిస్తాడు. నేషనల్ గ్యాలరీలోని అసలు చిత్రంలో కుక్క మిగిలింది, మనిషి పోయాడు. ఒడ్డున గీసి ఉంటే ఇంత ఆలోచనకు వ్యవధి దొరికేదా అని నా సందేహం.

జవాబు: పాతపుటలు

పై జవాబుతో నాకు సగం పేచీ ఉంది. కాన్‌స్టేబుల్ గీసినది 1821 నాటి సఫోక్‌ను (ఆయన ఊరున్న జిల్లా) కాదు, తన చిన్ననాటి సఫోక్‌ను. నెపోలియన్‌తో యుద్ధాలు ముగిశాక ధాన్యం ధరలు పడిపోయి, కూలీలకు పనిలేక, 1822లో ఆ ప్రాంతమంతా అల్లర్లు చెలరేగాయి. దగ్గరనో దూరాననో మంటలు కనిపించని రాత్రి లేదని తమ్ముడు వాపోయిన సంగతి కాన్‌స్టేబులే తన మిత్రుడు ఫిషర్‌కు రాశాడు. ఆ మంటలు ఏ చిత్రంలోనూ లేవు. ‘ఎండుగడ్డి బండి’లోనైనా, కోత కూలీలు కుడివైపు చివరన, ముఖం తెలియని తెల్లని చుక్కలుగా ఉంటారు. చెట్టు ఆకును అంత నమ్మకంగా గీసినవాడు మనుషుల విషయంలో దూరం పాటించాడు. గది గోడలకన్నా ఇదే నాకు పెద్ద ప్రశ్న.

కాలువగట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. బండినీ, చిత్రంలోని ఇంటినీ చిత్తుల నుంచి తెచ్చుకోవచ్చునని ఒప్పుకుంటాను. మరి ఆకాశం సంగతి? అరగంటలో మారిపోయే వెలుగును నెలల తరబడి మనసులో దాచుకోవడం సాధ్యమా?

జవాబు: మబ్బుల చిట్టా

మనసులో దాచుకోలేదండి, కాగితం మీద దాచుకున్నాడు. మరియా ఆరోగ్యం కోసం లండన్ శివారున హ్యాంప్‌స్టెడ్ గుట్ట మీద ఇల్లు తీసుకున్నాక, 1821, 1822 సంవత్సరాలలో ఆయన అక్కడ వరుసపెట్టి మబ్బులను గీశాడు. చాలావాటిలో నేల అసలే ఉండదు. వెనుకవైపు తేదీ, గంట, గాలి ఏ దిక్కునుంచి వీస్తున్నదీ రాసుకునేవాడు. ఒకదాని వెనుక ఆ రోజంతా తెరపిగా ఉండి రాత్రికి వాన పడిందని కూడా రాశాడు. అంటే బొమ్మ ముగిశాక కూడా ఆకాశం మీద ఒక కన్ను వేసే ఉంచాడన్నమాట. కుర్రతనంలో కొంతకాలం తండ్రి గాలిమరలో పనిచేసినవాడికి ఇది వింత కాదు. మబ్బు చూసి గాలి మలుపు పసిగట్టకపోతే మర రెక్కలు విరుగుతాయి. జాన్ గీసిన మరను చూస్తే అది తిరుగుతుందని తెలిసిపోతుందని ఏబ్రమ్ అనేవాడట. విమర్శకుల మెప్పులన్నిటికన్నా నాకు ఆ మాటే ఎక్కువ.

ఆ మెప్పులు సొంత దేశంలో ఆలస్యంగానే వచ్చాయి. లండన్‌లో అమ్ముడుపోని ‘ఎండుగడ్డి బండి’ని పారిస్ వ్యాపారి ఏరోస్మిత్ కొనుక్కుపోగా, 1824లో సలోన్ అనే అక్కడి పెద్ద చిత్రప్రదర్శనలో దానికి బంగారు పతకం దక్కింది. అకాడమీలో పూర్తి సభ్యత్వం 1829లో, ఒక్క ఓటు ఆధిక్యంతో వచ్చింది. అప్పటికి మరియా క్షయతో పోయి మూడు నెలలు కావస్తోంది.

మీ నియమానికి సాక్షి కావాలంటే ‘ఎండుగడ్డి బండి’ని వదిలి, 1815లో ప్రదర్శించిన ‘పడవ నిర్మాణం’ చూడండి. ఫ్లాట్‌ఫర్డ్ మర దగ్గర, తండ్రి పడవల రేవులో, దానిని పూర్తిగా ఆరుబయటే గీశాడని చెబుతారు. సాయంత్రం పనినుంచి తిరిగివచ్చే కూలీలకు వంట మొదలుపెట్టి, దూరాన ఒక ఇంటి పొగగొట్టం నుంచి పొగ లేచేదట. అది కనిపించగానే ఆ రోజుకు కుంచెలు కడిగేసేవాడట.