ఫిన్లాండీకరణా, ఫిన్లాండీభవనమా?

ప్రశ్న: అంతర్జాతీయ రాజకీయాల మీద వ్యాసం ఒకటి తెలుగు చేస్తూ ‘ఫిన్లండైజేషన్’ దగ్గర ఆగిపోయాను. పెద్ద దేశం పక్కన బతికే చిన్న దేశం స్వతంత్రంగానే ఉంటూ, ఆ పెద్ద దేశానికి కోపం రాకుండా తన విదేశాంగ విధానాన్ని సర్దుకోవడం అని అర్థం. తటస్థత, సామంతత్వం, ఫిన్లాండీకరణ, ఈ మూడింటిలో ఏది రాయను?

జవాబు: తటస్థతని ముందే పక్కన పెట్టేయండి. తటం అంటే ఒడ్డు. ఒడ్డున నిలబడి చూసేవాడు తటస్థుడు. ఫిన్లాండ్‌కి ఒడ్డు ఎక్కడుంది? సోవియట్ యూనియన్‌తో వెయ్యి కిలోమీటర్లు దాటిన సరిహద్దు. 1939 నుంచి 1944 లోపు దానితో రెండు యుద్ధాలు చేసి, తూర్పు సరిహద్దు ప్రాంతమైన కరేలియాలో చాలా భాగం పోగొట్టుకుని, అక్కణ్ణుంచి వచ్చేసిన నాలుగు లక్షల పైచిలుకు జనానికి ఇళ్లూ పొలాలూ చూపించాల్సి వచ్చింది. మెడలోతు నీళ్లలో ఉన్నవాణ్ణి తటస్థుడని ఎలా అంటాం? ఫిన్లాండ్ మాత్రం తనది తటస్థ విధానమనే చెప్పుకుంటూ వచ్చింది. మాస్కో ఆ మాటను మనసారా ఒప్పుకున్నది 1989లో, సోవియట్ నేత గోర్బచేవ్ ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ వచ్చినప్పుడు.

సామంతుడు నాకు చాలా ఇష్టమైన మాట. మొదట్లో దాని అర్థం సరిహద్దు పంచుకునే పొరుగు రాజు, అంతే. కప్పం కట్టేవాడనే అర్థం తర్వాత వచ్చింది. పొరుగువాడు లోబడినవాడిగా ఎలా మారతాడో ఆ ఒక్క మాటలోనే ఉంది. కానీ ఫిన్లాండ్‌కి అదీ కుదరదు. ఎన్నికలు, పార్లమెంటు, సొంత వ్యాపారం అన్నీ నిలిచాయి. హెల్సింకీ దగ్గర పోర్కలలోని సోవియట్ సైనిక స్థావరం 1956లో ఖాళీ అయింది. మొదట 30 కోట్ల డాలర్లుగా నిర్ణయించి, తర్వాత కొంత తగ్గించిన యుద్ధ నష్టపరిహారాన్ని ఓడలు, యంత్రాల రూపంలో 1952కల్లా తీర్చేశారు. కప్పానికైతే ఆఖరి వాయిదా అనేది ఉండదు కదా.

ఇక ఫిన్లాండీకరణ. ఈ మాట ఫిన్లాండ్‌లో పుట్టలేదు. పశ్చిమ జర్మనీలో, 1960లు 70లలో, అక్కడి నేత విలీ బ్రాంట్ తూర్పు యూరప్ కమ్యూనిస్టు దేశాలతో సయోధ్యకి ప్రయత్నిస్తుంటే గిట్టనివాళ్లు ‘మనకీ ఫిన్లాండ్ గతే పడుతుంది’ అంటూ తిట్టులా వాడారు. జర్మన్ మాటలోని ప్రత్యయం మన ‘-ఈకరణ’ లాంటిదే: ఎవరో పట్టుకుని చేసినట్టు ఉంటుంది. ఫిన్లాండ్ జనం తమ భాషలో అనే మాట వేరు, ‘సువోమెత్తుమినెన్’. సువోమి అంటే ఫిన్లాండ్. ఈ మాటలో చేసేవాడు లేడు. అలా అయిపోవడమే ఉంది.

ఈ తేడా మనకి బడిలోనే తెలుసు. శుద్ధీకరణ అంటే ఎవరో శుద్ధి చేయాలి. బాష్పీభవనం అంటే నీళ్లు వేడి తగిలి తామే ఆవిరవుతాయి. సువోమెత్తుమినెన్‌కి సరైన జోడీ ఫిన్లాండీభవనం!

ఇది వ్యాకరణం పట్టింపు కాదండీ, 1961లో జరిగింది చూడండి. అక్టోబర్ 30న మాస్కో నుంచి ఒక నోటు వచ్చింది. రెండు దేశాల మధ్య 1948 ఏప్రిల్ 6న కుదిరిన స్నేహ ఒప్పందం ప్రకారం సైనిక సంప్రదింపులకి రమ్మని. అప్పుడు ఫిన్లాండ్ అధ్యక్షుడు కెక్కోనెన్ అమెరికా పర్యటనలో, హవాయిలో ఉన్నారు. తర్వాత నవంబర్‌లో సైబీరియాలోని నోవోసిబీర్స్క్ వెళ్లి సోవియట్ నేత కృశ్చేవ్‌ని కలిశారు. కెక్కోనెన్ మీద అధ్యక్ష ఎన్నికలో నిలబడ్డ ఓలావీ హోంకా అదే సమయంలో దేశ ప్రయోజనం కోసమంటూ పోటీ నుంచి తప్పుకున్నారు. సంప్రదింపులు వాయిదా పడ్డాయి. సరిహద్దు దాటి ఒక్క సైనికుడూ రాలేదు. మరి హోంకాను తప్పించిందెవరు? వేడి మాస్కోది, ఆవిరైంది ఇక్కడి నీళ్లు. 1973లో అయితే ప్రజల ఓటే లేకుండా, ప్రత్యేక చట్టంతో కెక్కోనెన్ పదవిని నాలుగేళ్లు పొడిగించారు.

మరొకరు: వివరణ బాగుంది మాస్టారూ, కానీ ‘ఫిన్లాండీభవనం’ అని రాస్తే పాఠకుడు హెల్సింకీలో ఏదో బిల్డింగ్ అనుకుంటాడు. అచ్చ తెలుగులో ‘లొంగుబాటు’ అంటే సరిపోదా?

జవాబు: బిల్డింగ్ సంగతి నిజమే, ఒప్పుకుంటాను. లొంగుబాటుకి మాత్రం ఒప్పుకోను. లొంగినవాడు ఆయుధం కింద పెట్టేస్తాడు. ఫిన్లాండ్ సైన్యాన్ని వదులుకోలేదు, మగవాళ్లకి నిర్బంధ సైనిక శిక్షణ మానలేదు. నేను ‘ఒదుగుబాటు’ అంటాను. బస్సులో ముగ్గురి సీట్లో భారీ మనిషి వచ్చి కూర్చుంటే కిటికీ పక్కనున్న పిల్లవాడు భుజాలు దగ్గరికి లాక్కుని ఒదిగి కూర్చుంటాడు చూడండి, సీటు మాత్రం వదలడు. అది.

ప్రశ్న అడిగినవారు: ఒదగడం మంచి గుణం కదండీ? పెద్దవాళ్లయ్యాక ఒదిగి ఉండమంటాం. ఇక్కడ మెచ్చుకున్నట్టు అవదా?

జవాబు: మంచి ప్రశ్న. పెద్దవాడు ఒదగడం వినయం, చిన్నవాడు ఒదగడం అవసరం. క్రియ ఒక్కటే, ఎవరు చేస్తున్నారో చూసి అర్థం తీసుకుంటాం. ఫిన్లాండ్ వ్యంగ్య చిత్రకారుడు కారీ సువోమలాయినెన్ దీన్నే మరోలా చెప్పాడు: పడమటివాళ్లకి వెనక భాగం చూపించినట్టు కాకుండా తూర్పుకి వంగి దండం పెట్టే కళ అని. ఆ వంగడంలో కొలత ఉంది. మన ‘ఒదుగు’లోనూ ఉంది, ‘లొంగు’లో లేదు.

పైగా మీ వ్యాసం ఎలాగూ 2023 దాకా వస్తుంది. 1948 ఒప్పందం 1992లో రద్దయింది. 2023 ఏప్రిల్ 4న, ఆ ఒప్పందానికి 75 ఏళ్లు నిండడానికి రెండు రోజుల ముందు, ఫిన్లాండ్ నాటోలో చేరింది. మొదటి పేరాలో లొంగుబాటు అని రాసేస్తే అక్కడికొచ్చేసరికి ఈ దేశం ఎలా లేచి నిలబడిందో పాఠకుడికి అంతుపట్టదు.

కాబట్టి నా సలహా: జర్మన్ల నోట వచ్చినచోట కోట్స్‌లో ‘ఫిన్లాండీకరణ’ అనే ఉంచండి, తిట్టు తిట్టులాగే వినపడాలి. రచయిత సొంతంగా మాట్లాడేచోట ‘ఒదుగుబాటు’ రాయండి. హోంకా తప్పుకున్న వాక్యం దగ్గర మాత్రం, నేనైతే ‘లొంగిపోయారు’ అనే రాస్తాను.