240 వాట్ల పాత డెస్క్‌టాప్‌కు ఆర్‌టీఎక్స్ 3050 సరిపోతుందా?

పెన్నాగట్టు (ప్రొద్దుటూరు):
నమస్కారం. ప్రొద్దుటూరులో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలను 4కేలో తీసి ప్రీమియర్ ప్రోలో ఎడిట్ చేస్తాను. అందుకు వాడుతున్నది బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న సన్నపాటి ఆఫీసు డెస్క్‌టాప్: ఐ5-6500 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 240 వాట్ల పవర్ సప్లై. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. రెండు కెమెరాల క్లిప్పులు కలిపి కలర్ సరిచేయడం మొదలుపెట్టగానే టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంది. ముహూర్తాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒక పెళ్లి ఎక్స్‌పోర్ట్ పూర్తి కాకముందే ఇంకో పెళ్లికి బయలుదేరవలసి వస్తోంది.

కడపలో ఒక దుకాణంలో అడిగితే ఎన్విడియా వారి గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3050 తీసుకోమన్నారు. 6 జీబీ, 8 జీబీ రెండూ ఒకే కార్డని, మెమరీ ఒక్కటే తేడా అని చెప్పారు. తెలిసినవారొకరు మాత్రం ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 6400 కార్డు చవక, సన్న క్యాబినెట్‌లో పడుతుంది అంటున్నారు. పవర్ సప్లై నుంచి గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే విడి కనెక్టర్ నా మెషీన్‌లో లేదు. ఏది కొనాలో, ఎందుకో దయచేసి వివరించండి.

గడియారస్తంభం (అనంతపురం):
అన్నా, దుకాణంలో చెప్పిన మాట సరికాదు. పేరు ఒకటే గానీ అవి రెండు వేరు వేరు కార్డులు. 2022 జనవరిలో వచ్చిన 8 జీబీ కార్డులో 2560 క్యుడా (CUDA) కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న యూనిట్లు, 128-బిట్ మెమరీ బస్సు (మెమరీకి డేటా వెళ్లే దారి), సెకనుకు 224 జీబీ బ్యాండ్‌విడ్త్ ఉంటాయి. అది 130 వాట్ల కార్డు కాబట్టి దానికి విడి కనెక్టర్ తప్పనిసరి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీ కార్డులో కోర్లు 2304కు, బస్సు 96 బిట్లకు, బ్యాండ్‌విడ్త్ 168 జీబీకి తగ్గాయి. వేగంలో కూడా అది పెద్దదానికంటే స్పష్టంగా వెనకబడుతుంది. అయినా మీకు పనికివచ్చేది అదే, ఎందుకంటే దాని వాడకం 70 వాట్లు, కార్డును పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ (పీసీఐఈ) స్లాటు ప్రమాణం ప్రకారం ఇవ్వగలిగేది 75 వాట్లు. మీ ప్రాసెసర్ 65 వాట్లది. బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు కలిపినా 240 వాట్లలో ఇంకా కొంత మిగులుతుంది.

అయితే ఒక జాగ్రత్త. ఆఫీసు డెస్క్‌టాప్‌లు కొన్నింటిలో తయారీదారులే స్లాటుకు 75 వాట్లకంటే తక్కువ పరిమితి పెడతారు. డబ్బు కట్టేముందు మీ మోడల్ సర్వీసు మాన్యువల్‌లో ఆ అంకె చూడండి. సన్న క్యాబినెట్‌కు సగం ఎత్తుండే లో ప్రొఫైల్ కార్డే కావాలి. అవి ఎక్కువగా రెండు స్లాట్ల మందం ఉంటాయి కనుక స్లాటుకూ పవర్ సప్లైకీ మధ్య ఎంత చోటుందో స్కేలుతో కొలవడం మంచిది.

ఆర్‌ఎక్స్ 6400 మీ పనికి వద్దని గట్టిగా చెబుతాను. 53 వాట్లతో నడవడం దాని గొప్పతనమే, కానీ అందులో వీడియో ఎన్‌కోడర్ లేదు. అంటే ఎక్స్‌పోర్ట్‌లో వీడియోను కుదించే పనికి ఆ కార్డు సాయపడదు, మీ బాధల్లో అదీ ఒకటి కదా. పైగా దానికి నాలుగు పీసీఐఈ లేన్లే (డేటా వెళ్లే దారులు) ఉన్నాయి. మీ బోర్డు పీసీఐఈ 3.0 కనుక ఒక్కో దిశలో సెకనుకు 4 జీబీకి మించి డేటా వెళ్లదు. దాని 4 జీబీ మెమరీ నిండి సిస్టమ్ ర్యామ్‌ను ఆశ్రయించిన ప్రతిసారీ ఆ ఇరుకు తెలుస్తుంది. 3050 6 జీబీకి ఎనిమిది లేన్లు ఉండటంతో పాత బోర్డులోనూ అంతకు రెట్టింపు దారి దొరుకుతుంది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. కానీ మీ కెమెరాలు ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తున్నాయో తెలియకుండా టైమ్‌లైన్ సమస్య తీరుతుందని చెప్పలేం. 3050లో వీడియోను విప్పే డీకోడర్ 10-బిట్ 4:2:0 (రంగు వివరం తక్కువగా దాచే పద్ధతి) హెచ్.265 (వీడియోను కుదించే ఒక ఫార్మాట్) ఫైళ్లను సునాయాసంగా విప్పుతుంది. రంగు వివరం ఎక్కువగా దాచే 4:2:2 ఫైళ్లను మాత్రం విప్పలేదు. ఎన్విడియా కార్డుల్లో ఆ సామర్థ్యం 50 సిరీస్‌తోనే వచ్చింది. అటువంటి ఫైళ్లు మీవైతే కొత్త కార్డు పెట్టిన తర్వాత కూడా భారమంతా నాలుగు కోర్ల ఐ5 మీదే పడుతుంది. కలర్, ఎఫెక్టులు, ఎక్స్‌పోర్ట్ బాగుపడతాయి గానీ ప్లేబ్యాక్ తడబాటు అలాగే ఉంటుంది.

ఇంటెల్ వారి గ్రాఫిక్స్ కార్డు ఆర్క్ ఎ380 4:2:2 హెచ్.265ను విప్పగలదు, అందులో ఏవీ1 (మరో వీడియో ఫార్మాట్) ఎన్‌కోడర్ కూడా ఉంది. అయినా మీకు సిఫారసు చేయను. రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) లేని బోర్డుల్లో ఆ కార్డు పనితీరు బాగా పడిపోతుంది, ఇంటెల్ అడిగేది పదో తరం లేదా ఆపై ప్రాసెసర్, మీది ఆరో తరం.

ఎండ సంగతి కూడా చెప్పాలి. మన సీమలో మే నెలలో గది వేడే నలభై డిగ్రీల దగ్గర ఉంటుంది, లో ప్రొఫైల్ కార్డుకు ఉండేవి చిన్న ఫ్యాన్లు. లోపలికి వచ్చే గాలే వేడిగా ఉంటే కార్డు తనను తాను కాపాడుకోవడానికి క్లాక్ (నడిచే వేగం) తగ్గించుకుంటుంది. క్యాబినెట్‌ను టేబుల్ కింద గోడకు ఆనించి పెట్టవద్దు, దుమ్ము నెలకొకసారి దులపండి.

పెన్నాగట్టు (ప్రొద్దుటూరు):
ఇద్దరికీ ధన్యవాదాలు. మాన్యువల్‌లో స్లాటుకు 75 వాట్లు అనే ఉంది, రెండు స్లాట్ల మందానికి చోటూ ఉంది. పాత కెమెరా 8-బిట్ 4:2:0, కొత్తది 10-బిట్ 4:2:2లో రికార్డు చేస్తున్నట్టు సెట్టింగుల్లో చూశాను. నత్తనడక నడిచేవి ఆ రెండో కెమెరా క్లిప్పులేనని ఇప్పుడు అర్థమైంది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
ఆ కెమెరా మెనూలో 10-బిట్ 4:2:0 ఉంటే ఇకపై అందులో తీయండి. పెళ్లి వీడియోకు ఆ తేడా కంటికి ఆనదు. ఇప్పటికే తీసిన వాటికి ప్రీమియర్‌లో ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికైన నకళ్లు) చేయించి రాత్రికి వదిలేస్తే ఉదయానికి సిద్ధంగా ఉంటాయి.

గడియారస్తంభం (అనంతపురం):
కార్డు చేతికి రాగానే కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిచి షేడర్లు (అంటే కోర్లు) 2304, బస్సు 96 బిట్లు, మెమరీ 6 జీబీ చూపిస్తోందో లేదో దుకాణంలోనే సరిచూసుకోండి. బిల్లు మీద కూడా 6 జీబీ అని రాయించుకోండి.