పడిన మార్కెట్లో చవక షేర్లు ఏరుకోవాలా, నిఫ్టీ ఫండ్‌లో వేసి ఊరుకోవాలా?

కాకినాడ కుర్రాడు: 2024 సెప్టెంబరులో 26,277 తాకిన నిఫ్టీ 2025 ఏప్రిల్ 7న 21,743 దాకా జారింది. ఏం కొనాలో తేలక నేను ఆ సూచీలోని యాభై పెద్ద కంపెనీల్నీ కొనే నిఫ్టీ ఫండ్‌లో వేసేశా. మా ఆఫీసులో ఒకాయన మాత్రం పీఈ (అంటే షేరు ధర, ఒక్కో షేరుకొచ్చే ఏడాది లాభానికి ఎన్ని రెట్లో) పదిలోపున్న షేర్లు జల్లెడ పట్టి పన్నెండు కొన్నాడు. ఈసారి పడితే నేనూ అదే చేద్దామనుకుంటున్నా. ఏమంటారు?

బ్యాలెన్స్ షీట్ బాబాయి: చెయ్యి తమ్ముడూ, కానీ పీఈ ఒక్కటే చూసి కాదు. 2008 డిసెంబరు చివర్లో అలా జల్లెడ పట్టి ఉంటే మన హైదరాబాదు ఐటీ కంపెనీ సత్యం కచ్చితంగా తగిలేది. పీఈ పదిలోపే. పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది, అందులో 5,040 కోట్లు లేనే లేవని. ముందురోజు 179 దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40కి దిగింది.

నల్లకుంట నాని: మోసాలు ఎక్కడో ఒకటి బాబాయ్. నగదే దొంగదైతే ఏ పట్టిక చూసి పట్టుకుంటాం?

బ్యాలెన్స్ షీట్ బాబాయి: పట్టికలో కాదు, మనుషుల్లో చూడాలి. ఉత్తరానికి మూడు వారాల ముందే, డిసెంబరు 16న, సత్యం డబ్బుతో సొంత కుటుంబానివైన మేటాస్ కంపెనీలు కొంటామన్నారు. ఇన్వెస్టర్లు గోల చేస్తే గంటల్లో వెనక్కి తగ్గారు. అప్పుడు అమ్మినవాడు బతికిపోయాడు. "ఇంత పడింది, ఇంకేం పడుతుంది" అని ఆ తర్వాత కొన్నవాడు మునిగాడు.

నల్లకుంట నాని: సరే, ఒప్పుకున్నా. కానీ నిజాయితీ కంపెనీలోనూ బోల్తా పడొచ్చు. 2022 జూన్‌లో టాటా స్టీల్ పీఈ మూడు దరిదాపుల్లో ఉంది. చూడ్డానికి కారుచౌక. 2021-22లో లాభం 41,749 కోట్లు, మరుసటేడు 8,075 కోట్లు. ఉక్కు ధర దిగితే లాభం కరిగిపోతుంది, అప్పుడు పీఈ దానంతటదే పెరుగుతుంది. ఇలాంటి షేర్లు లాభం కరిగి పీఈ వికారంగా పెరిగి కనబడ్డప్పుడే కొనాలని నా లెక్క.

సిప్ సరళ: ఇవన్నీ తీరిగ్గా కూర్చుని చెప్పుకునే కబుర్లు. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 3,934 పాయింట్లు పడింది. కొనాల్సిన ఆరు షేర్ల పేర్లు రాసిన కాగితం అప్పటికి మా ఫ్రిజ్ మీద అంటించే ఉంది. కొన్నామా? ఒక్కటీ లేదు. జీతాలొస్తాయో రావో తెలీక మా ఆయన, నేను బియ్యం బస్తాలు లెక్కపెట్టుకుంటున్నాం. నెలనెలా బ్యాంకు నుంచి ఫండ్‌లోకి పోయే సిప్ మాత్రం ఐదో తారీఖున దాని పని అది చేసుకుపోయింది. నాకు కావాల్సింది తెలివి కాదు, ఆటో డెబిట్.

బ్యాలెన్స్ షీట్ బాబాయి: సరళ గారూ, మీ మాటకి ఎదురు లేదు. కాకపోతే నేనప్పుడు సిగరెట్ల కంపెనీ ఐటీసీ 165కి కొన్నా. ఆ ఏడాది లాభంలోంచి షేరుకి పంచిన డివిడెండే 10.15 రూపాయలు, అంటే ఆరు శాతం. అప్పు దాదాపు లేదు, జనం సిగరెట్లు మానలేదు. 2021లో కూడా 200 దగ్గరే కూర్చుంటే వాట్సాప్‌లో దానిమీద జోకులే జోకులు. మా బావమరిది రోజూ ఒకటి పంపేవాడు. 2023 జులైలో 500 అంచుకొచ్చింది. వెతకడం ఒక పూట పనే, ఆ జోకులు భరించడమే మూడేళ్ళ పని.

ఏలూరు ఎంకన్న: ఓర్పు అంటే నేనూ చెప్తా. ఒక చిన్న రోడ్ల కాంట్రాక్టు కంపెనీ, పేరెందుకులెండి. 80కి కొన్నా, 52కి కొన్నా, 30కి కొన్నా, 11కీ కొన్నా. నా సగటు తగ్గినకొద్దీ షేరు ఇంకా తగ్గింది. అప్పు ఎంతుందో ఒక్కసారీ చూడలేదు. దివాలా కేసుకెళ్ళింది, ట్రేడింగ్ ఆగిపోయింది. షేర్లుండే డీమ్యాట్ ఖాతాలో 4,000 షేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి, అమ్మడానికి లేదు.

నల్లకుంట నాని: అన్నా, 11కి కొనేముందైనా ఒక్కమాట ఇక్కడ అడగాల్సింది.

ఏలూరు ఎంకన్న: అడిగా. "యావరేజ్ చెయ్యి" అన్నారు.

కాకినాడ కుర్రాడు: ఇప్పుడే మా ఆఫీసాయన్ని లిస్టు చూపించమన్నా. పన్నెండింట్లో ఏడు ఉక్కు, సిమెంటు కంపెనీలే. నాని గారి మాట చెప్తే "నువ్వు ఫండ్‌లో ఉన్నావుగా, నీకెందుకు" అన్నాడు.