అమ్మ జ్ఞాపకార్థ పుస్తకం: సంవత్సరాలు ఎలా సరిచూసుకోవాలి, ఏం రాయాలి?

కనిగిరి దారి (ప్రశ్న)

అందరికీ వందనాలు. మా అమ్మ పోయిన నవంబరులో ప్రభువునందు నిద్రించారు. పెళ్లికి ముందు మిషన్ బడిలో టీచరు, తర్వాత కనిగిరి, పొదిలి వైపు ఊళ్లలో బైబిల్ ఉమన్ (ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు బైబిలు చెప్పే మిషన్ సేవకురాలు). మొదటి సంవత్సరం జ్ఞాపకార్థ కూడికకు 32 పేజీల పుస్తకం, 300 కాపీలు వేయాలని అనుకున్నాం. అంచుల నిండా రాతలున్న ఆమె బైబిలు, ప్రార్థన నోటు పుస్తకాలు, ఒక ట్రంకుపెట్టె ఫొటోలు చేతిలో ఉన్నాయి. పుట్టిన సంవత్సరం సర్టిఫికెట్‌లో ఒకటి, ఇంట్లో చెప్పేది ఇంకొకటి. ఏ ఊళ్లో ఎప్పుడు చేశారో వరుస తెలియదు. కూడికలో పది నిమిషాలు జీవిత చరిత్ర కూడా చదవాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత రిజిస్టర్లు

రాయడం అప్పుడే వద్దండి. ముందు ఒక పెద్ద కాగితం మీద నాలుగు గడులు గీయండి: సంవత్సరం, ఊరు, పని, ఆధారం. ఆధారం గడి ఖాళీగా ఉన్న సంగతి పుస్తకంలోకి పోకూడదు. పోక తప్పదంటే "ఇంట్లో చెప్పుకునే మాట" అని రాసి మరీ వేయండి.

పుట్టిన తేదీ సంగతి. ఆ తరంలో బడిలో చేర్చుకునే అయ్యవారు తోచిన తేదీ వేసేవారు. జూలై 1 అని ఉంటే మరీ అనుమానించాలి. సర్వీసు పుస్తకం, పెన్షను కాగితం, ఆధార్ అన్నీ ఆ బడి తేదీనే మోస్తాయి కాబట్టి మూడింటిలో ఒకటే ఉన్నా అది ఒక్క ఆధారమే. లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) సంఘాల్లో శిశు బాప్తిస్మం కనుక రిజిస్టరులో పుట్టిన తేదీ దొరుకుతుంది. బాప్టిస్టుల్లో బాప్తిస్మం ఎరిగిన వయసులో ఇస్తారు, కాబట్టి ఆ రిజిస్టరు విశ్వాసంలోకి వచ్చిన ఏడాది చెబుతుంది గానీ పుట్టుక తేల్చదు. అప్పుడు పెళ్లి రిజిస్టరు చూడండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద రాసే ఆ పుటలో వధువు వయసు, వృత్తి, ఉంటున్న ఊరు, తండ్రి పేరు, సాక్షుల సంతకాలు ఉంటాయి. "టీచరు" అని అక్కడ కనబడితే పెళ్లికి ముందు కొలువు సంగతి కూడా తేలిపోయినట్టే. రిజిస్టర్లలో ఇంటిపేరు ఇంగ్లీషులో పదిరకాలుగా రాశారు, కాబట్టి తండ్రి పేరు, ఊరి పేరు పట్టుకుని వెతకండి.

జిల్లా పేర్ల దగ్గర చాలామంది తికమకపడతారు. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, ప్రకాశం అయింది 1972లో. అంతకుముందు కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలోవి, ఒంగోలు గుంటూరు జిల్లాలోది. 1960 కాగితంలో "నెల్లూరు జిల్లా, కనిగిరి తాలూకా" అని ఉంటే దాన్ని దిద్దకండి, అదే సరి. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు సంగతికి మండలం పేరు పెట్టొద్దు.

ఇంకొక జాగ్రత్త. మన వైపు పుస్తకాల్లో సగం "1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందిన 2,222 మందిలో మా ముత్తాత ఒకరు" అని మొదలవుతాయి. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో ఆ బాప్తిస్మాలు జరిగినమాట నిజమే. మీ ముత్తాత ఆ రోజునే ఉన్నారనడానికి పేరు దొరికితేనే రాయండి, లేకపోతే "ఆ కాలంలో" అంటే చాలు.

బైబిల్ ఉమన్‌లు నెల నెలా ఎన్ని ఇళ్లు, ఎందరు వినేవారు, ఎన్ని సువార్త భాగాలు అమ్మారు అని లెక్క ఇచ్చేవారు. అచ్చు రిపోర్టుల్లో మాత్రం చాలాసార్లు వాళ్ల పేరుండదు, ఫీల్డు (మిషన్ పని ప్రాంతం) పేరే ఉంటుంది. మీ కనిగిరి వైపు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ కాగితాలు అమెరికాలో అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. ఊరు, ఏడాదుల పరిధి, అక్కడున్న మిషనరీ దొరసానిగారి పేరు రాసి ఉత్తరం పెట్టండి. అమ్మ పేరొక్కటే పంపితే వాళ్లకు దారి దొరకదు. వేరే మిషన్ వాళ్లకు: కెనడియన్ బాప్టిస్టులవి కెనడా హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో, మచిలీపట్నం, ఏలూరు వైపు సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) కాగితాలు బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో, మెదక్ మెథడిస్టులవి, కడప, గుత్తి ఎల్ఎంఎస్ (లండన్ మిషనరీ సొసైటీ) వాళ్లవి లండన్‌లోని సోయాస్ కాలేజీ లైబ్రరీలో. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమాఖ్య అయిన "సమావేశం" ఏర్పడ్డాక జరిగిన సంగతులకు అమెరికా కంటే ఇక్కడి సంఘం మినిట్సు పుస్తకాలే మేలు.

సండేస్కూల్ బల్ల

పై అన్నగారు చెప్పింది సరే గానీ, మీ దగ్గరున్న బైబిలే పెద్ద రిజిస్టరు. అంచున వాక్యం పక్కన తేదీ, ఊరు రాసుకోవడం ఆ తరం వాళ్ల అలవాటు. పుట పుటా ఫోన్‌తో ఫొటో తీసి, తేదీ ఉన్నవన్నీ ఆ నాలుగు గడుల కాగితంలోకి ఎక్కించండి. సేవ చేసిన ఊళ్ల వరుస సగం అక్కడే తేలుతుంది. ప్రార్థన నోటు పుస్తకంలో జబ్బుపడ్డవాళ్ల పేర్లు, కుటుంబ తగవులు ఉంటాయి. అవి అచ్చుకు ఇవ్వొద్దు. ముఖచిత్రం మీద అందరూ సామెతలు 31 వేస్తారు. ఆమె రెండుసార్లు గీత గీసుకున్న వాక్యం ఏదో చూసి అది వేయండి.

సాక్ష్యాలు అడిగేటప్పుడు "అమ్మ గురించి నాలుగు మాటలు రాయండి" అంటే ప్రేమమూర్తి, ప్రార్థనాపరురాలు అని వస్తాయి, ఇరవై మంది రాసినా ఒకటే. ఇలా అడగండి: మా ఊరికి ఎలా వచ్చేవారు, బస్సా, నడకా? ఎవరి అరుగు మీద కూర్చునేవారు? ఏ పాట నేర్పారు? ఎండాకాలం ఏ వేళకు వచ్చేవారు? ఒక్కొక్కరికి 150 మాటలు చాలు. ఇంటి సంగతి వదలకండి. ఆమె ఊళ్లు తిరిగే రోజుల్లో పిల్లలను ఎవరు చూశారు, జీతం ఎంత, ఆలస్యమైనప్పుడు ఇల్లు ఎలా గడిచింది. నా ఉద్దేశంలో సేవ అంటే సగం అదే. పసితనంలో పోయిన బిడ్డ ఉంటే సంతానం లెక్కలో రాయాలా వద్దా అన్నది పెద్దవాళ్లను ముందే అడగండి. అచ్చయ్యాక గొడవలొచ్చేది అక్కడే.

పది నిమిషాలకు 900 మాటలు మించనీయకండి. అందులో ప్రసంగం పెట్టొద్దు, దానికి పాస్టరుగారున్నారు. చదివేది కొడుకో కూతురో అయితే గొంతు పూడుకుపోతుంది, రెండో కాపీ మనవరాలి చేతిలో ఉంచండి.

డీటీపీ మనిషి

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోతాయి, డాక్యుమెంటుగా పంపండి. పాత ఫొటోలను 600 డీపీఐలో స్కాన్ చేయండి, పాస్‌పోర్టు సైజువైతే 1200. జిగురు ఆల్బంలో అతుక్కున్నవి లాగకండి, పుటతో సహా స్కాన్ చేయాలి. వెనక పేర్లు రాయడానికి మెత్తని పెన్సిలే, బాల్‌పెన్ను రాత ముందుకు ఉబుకుతుంది.

పుస్తకం మధ్య పిన్ను కొట్టేదైతే పేజీలు నాలుగుతో భాగించబడాలి, మీ 32 బాగుంది. డెమ్మీ 1/8 సైజు, లోపల 90 జీఎస్ఎం మ్యాప్‌లితో, ఫొటోల పుటలకు 130 ఆర్ట్ పేపరు, అట్ట 300. అక్షరం 14 పాయింట్లకు తగ్గితే చదవాల్సిన పెద్దవాళ్లే చదవలేరు.

ప్రూఫు సంగతి. మీరు యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తారు, ప్రెస్సులో అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని అచ్చు ఫాంట్లు) మారుస్తారు. ఆ మార్పులో ఒత్తులు, సున్నాలు తారుమారవుతాయి. అందుకే మార్చాక వచ్చిన ప్రూఫునే దిద్దాలి, మీ ఫైలును కాదు. పేర్లు, తేదీలు ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు మూలం చూడాలి.

కనిగిరి దారి

చాలా మేలు చేశారు. ఇంకొక్క సంగతి. అమ్మ ద్వారా రక్షణ పొందినవాళ్ల పేర్ల జాబితా నోటు పుస్తకంలో ఉంది. అది వేయొచ్చా?

పాత రిజిస్టర్లు

వాళ్లనో వాళ్ల పిల్లలనో అడగకుండా వద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. క్రైస్తవులైన దళితులకు మన రాష్ట్రంలో బీసీ-సి (వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు). "ఫలానా ఏడాది బాప్తిస్మం" అని పేరుతో అచ్చయిన పుట కుల ధృవీకరణ తగవులో కాగితంగా బయటికి రావచ్చు, మనవళ్ల ఉద్యోగానికి ముప్పు. పేర్లు తీసేసి ఊరు, ఏడాది, ఎన్ని కుటుంబాలు అన్నంతవరకే వేయండి. అసలు నోటు పుస్తకం ఇంట్లోనే ఉంచండి, దాని స్కాను కూడా సంఘం గ్రూపులో పెట్టొద్దు.